హోమ్ పేజీ వెనకున్న లెక్క: యూట్యూబ్ ఏది చూపిస్తుంది, ఎందుకు చూపిస్తుంది

యూట్యూబ్ యాప్ తెరవగానే కనిపించే వీడియోలు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయని ఇప్పుడు అందరికీ తెలిసిందే. ‘మనకు నచ్చేవి చూపిస్తుందిలే’ అని సరిపెట్టుకుంటాం. కానీ నచ్చడం అనేది కొలతకు దొరకదు. దొరికేది మనం చేసే పని: ఈ బొమ్మ చూపిస్తే నొక్కుతారా, నొక్కితే ఎంతసేపు ఉంటారు, అయిపోయాక ఇంకోటి చూస్తారా, ఫోన్ పక్కన పడేస్తారా. యంత్రం అంచనా వేసేది వీటినే. కొలత ఎలా ఉంటే చానెళ్లు తీసే వీడియోలూ అలాగే ఉంటాయి. థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం, టైటిల్ చివర ప్రశ్నార్థకం, ‘వీడియో చివరిదాకా చూడండి’ అన్న వేడుకోలు, రెండు నిమిషాల కబురుకు తొమ్మిది నిమిషాల సాగదీత... వీటికి తెలుగువాళ్ల అభిరుచిని తిట్టి లాభం లేదు. కొలతలు తీసుకుని కుట్టిన బట్టలవి.

లక్షల్లోంచి ఇరవైకి

గూగుల్ ఇంజినీర్లు పాల్ కోవింగ్టన్, జే ఆడమ్స్, ఎమ్రే సార్గిన్ 2016లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. యూట్యూబ్ సిఫార్సులు ఎలా తయారవుతాయో బయటివాళ్లకు కాస్త వివరంగా తెలిసింది దానితోనే. పని రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటి అంచె లక్షలాది వీడియోల్లోంచి కొన్ని వందలను ఏరుతుంది. మనం ఇంతకుముందు చూసినవి, వెతికిన మాటలు, ఉన్న ప్రాంతం, వాడే ఫోన్ వంటివన్నీ అంకెల వరుసగా మారి, ఆ వరుసకు దగ్గరగా ఉన్న వీడియోలు బయటికొస్తాయి. దగ్గర అంటే రెండూ ఒకే విషయం మీద ఉన్నాయని కాదు. వాటిని చూసే జనం ఒకరే అని. మిరప తెగులు గురించి వెతికిన రైతుకు నాలుగు రోజుల్లో ట్రాక్టర్ రివ్యూలు, ఆ తర్వాత రాజకీయ చర్చలు వరుస కట్టాయంటే, తెగులుకీ రాజకీయానికీ సంబంధం ఉందని యంత్రం అనుకోలేదు. అలాంటి రైతులు ఇంకేం చూస్తున్నారో దానికి తెలుసు, అంతే.

రెండో అంచె ఆ వందల వీడియోలకు మార్కులు వేసి వరుస పెడుతుంది. ఈ చానెల్‌లో ఇదివరకు ఎన్ని చూశారు, ఆఖరుసారి ఎప్పుడు చూశారు, ఇదే వీడియోను ఇప్పటికి ఎన్నిసార్లు చూపించాం... ఇలాంటి సంకేతాలు వందల్లో ఉంటాయి. ఆఖరిది గమనించదగ్గది. చూపించినా నొక్కని వీడియోకు తర్వాతిసారి మార్కులు తగ్గుతాయి. పేజీని కిందికి లాగి వదలగానే కొత్త వరుస రావడానికి ఇదొక ముఖ్య కారణం. నొక్కకుండా దాటేయడం కూడా మనమిచ్చే సమాధానంగానే నమోదవుతోందన్నమాట.

ఇంతకీ మార్కులు దేనికి? 2012 దాకా వ్యూస్‌దే రాజ్యం. వీడియోలో ఎక్కడా లేని బొమ్మను థంబ్‌నెయిల్‌గా పెట్టి క్లిక్కులు లాగినవాళ్లు ఆ రోజుల్లో బాగా సంపాదించారు. ఆ ఏడాది యూట్యూబ్ కొలతను వాచ్ టైమ్‌కు, అంటే చూసిన సమయానికి మార్చింది. 2016 నాటి ర్యాంకింగ్ మోడల్ లెక్కగట్టేది కూడా దాన్నే: ఈ వీడియోను ఒకసారి చూపిస్తే సగటున ఎన్ని సెకన్ల చూపు దక్కుతుంది?

చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక వీడియోను వందమందికి చూపిస్తే 8 మంది నొక్కి, ఒక్కొక్కరూ నిమిషం చూసి వెళ్లిపోయారు. మొత్తం 480 సెకన్లు, అంటే ఒకసారి చూపినందుకు 4.8 సెకన్లు. ఇంకో వీడియోను వందలో నలుగురే నొక్కారు, కానీ ఒక్కొక్కరూ 5 నిమిషాలు కూర్చున్నారు. మొత్తం 1200 సెకన్లు, ఒకసారికి 12. క్లిక్కులు సగమే అయినా రెండోదే పైకి వెళుతుంది. ఉట్టి మోసపు థంబ్‌నెయిల్‌కు దీంతో చెక్ పడింది, కాదనలేం. అయితే అదే లెక్క ఇంకో రోగాన్ని పెంచింది. అడిగిన ప్రశ్నకు మొదటి నిమిషంలోనే జవాబు చెప్పి పంపేసే వీడియో ఈ పందెంలో ఓడిపోతుంది. రేషన్ కార్డు దరఖాస్తుకు ఏ కాగితాలు కావాలో చెప్పే వీడియో ఆ జాబితాను ఏడో నిమిషం దాకా దాచుకోవడం వెనక ఉన్నది ఈ గుణకారమే.

2019లో మరో గూగుల్ బృందం వెలువరించిన పత్రంలో కొలతలు పెరిగాయి. చూసిన సమయంతో పాటు లైక్, రేటింగ్ లాంటి తృప్తి సూచికలనూ విడివిడిగా అంచనా వేసి కలుపుతారు. ఆ పత్రంలోనే ఒక చిక్కు గురించి కూడా ఉంది. జాబితాలో పైన ఉన్నదాన్ని మనుషులు పైన ఉంది కాబట్టే ఎక్కువగా నొక్కుతారు. ఆ క్లిక్కులను ఇష్టంగా లెక్కేసుకుంటే, నిన్న పైన పెట్టినదే ఇవాళ కూడా పైకి వస్తుంది. యంత్రం తన నిర్ణయాన్ని తానే పాఠంగా నేర్చుకుంటుంది. దీనికి విరుగుడుగా, నేర్పేటప్పుడు వీడియో ఎన్నో స్థానంలో ఉందో విడిగా చెప్పి, నిజంగా చూపించేటప్పుడు ఆ సమాచారాన్ని దాచిపెడతారు. చిక్కు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఇదంతా ఎంత పెద్ద సంగతో తెలియాలంటే ఒక్క అంకె చాలు. యూట్యూబ్‌లో జనం గడిపే సమయంలో 70 శాతానికి పైగా సిఫార్సుల వల్లనేనని అప్పటి దాని ప్రోడక్ట్ అధిపతి నీల్ మోహన్ 2018లో చెప్పారు. సెర్చ్ బాక్సులో టైప్ చేసి చూసేది, స్నేహితులు పంపిన లింకు నొక్కి చూసేది, అన్నీ కలిపి మిగిలినదాంట్లోనే.

చానెల్ నడిపేవాళ్ల వైపు నుంచి

యూట్యూబ్ స్టూడియోలో కనిపించే ‘ఇంప్రెషన్’కు నిర్వచనం ఉంది. థంబ్‌నెయిల్‌లో సగమైనా తెరమీద ఒక సెకను కన్నా ఎక్కువసేపు కనిపిస్తేనే అది లెక్కలోకి వస్తుంది. వాటిలో నొక్కినవాళ్ల శాతం, సగం చానెళ్లకు 2 నుంచి 10 మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతోంది. కొత్తవాళ్లు ఇక్కడే కంగారు పడతారు. వీడియో బాగా పాకేకొద్దీ ఈ శాతం పడిపోతుంది. మొదట సబ్‌స్క్రైబర్లకు చూపిస్తే 12 శాతం వచ్చినది, ముక్కూమొహం తెలియని జనానికి చూపించేసరికి 4కు దిగుతుంది. అది మామూలే. అది చూసి రాత్రికి రాత్రే టైటిల్ మార్చేసేవాళ్లు నడుస్తున్న బండిని ఆపుకుంటారు. ఒకే వీడియోకు మూడు థంబ్‌నెయిళ్లు పెట్టి పోల్చుకునే సదుపాయం 2024లో వచ్చింది. అందులో గెలుపు తేల్చేది క్లిక్కుల శాతం కాదు, ఏ థంబ్‌నెయిల్ ద్వారా వచ్చినవాళ్లు ఎక్కువ సమయం చూశారన్నది.

వీడియో నిడివికీ ఒక మేస్త్రి ఉన్నాడు: ప్రకటన. మధ్యలో యాడ్స్ పెట్టుకోవడానికి వీడియో కనీసం 10 నిమిషాలు ఉండాలన్న నిబంధనను 2020 జులైలో 8 నిమిషాలకు తగ్గించారు. ఆ తర్వాత ఎనిమిది నిమిషాల చిల్లర సెకన్ల దగ్గర ముగిసే తెలుగు వీడియోలు ఎన్ని ఉన్నాయో ఎవరైనా తమ హిస్టరీలోనే చూసుకోవచ్చు. మామూలు వీడియో మీద వచ్చే ప్రకటన ఆదాయంలో 55 శాతం చానెల్‌కు వెళుతుంది. షార్ట్స్‌లో ఒక్కో వీడియో ఆదాయం విడిగా ఉండదు. అందరి యాడ్ డబ్బూ ఒకచోట పోసి, చూపులను బట్టి పంచి, చానెల్ వాటాగా తేలినదాంట్లో 45 శాతం ఇస్తారు.

షార్ట్స్ ఇండియాలో 2020 సెప్టెంబరులో మొదలైంది. అంతకు మూడు నెలల ముందే టిక్‌టాక్‌ను కేంద్రం నిషేధించింది. షార్ట్స్ లెక్క మరీ వేరు. థంబ్‌నెయిల్ చూసి ఎంచుకునే ఘట్టమే ఇక్కడ లేదు. ఆగారా, వేలితో పైకి తోసేశారా అన్నదే పరీక్ష. అందుకే మొదటి రెండు సెకన్లలోనే అరుపు, ప్రశ్న, లేదా గొడవ. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైనా, మళ్లీ తిరిగినా ఒక వ్యూగా లెక్కిస్తున్నారు. ఒక్కసారిగా వ్యూస్ పెరిగాయని సంబరపడిన చానెళ్లకు ఆదాయం మాత్రం కదల్లేదు. డబ్బు లెక్కకు వాడేది ‘ఎంగేజ్డ్ వ్యూస్’, అంటే తోసేయకుండా ఆగి చూసిన చూపుల వేరే అంకె.

తూకం మారితే తగువు మారుతుంది

ట్విటర్ 2023 మార్చి 31న తన సిఫార్సుల కోడ్‌లో కొంత భాగాన్ని బయటపెట్టింది. ఒక ట్వీట్ మీద జరగగల ఒక్కో పనికి ఎంత బరువో అందులో అంకెల్లో ఉంది. లైక్‌కు 0.5. రీట్వీట్‌కు 1. రిప్లైకి 13.5. ఆ రిప్లైకి ట్వీట్ రాసినవారు స్పందిస్తే 75. అంటే ఒక వాదులాట నూట యాభై లైకుల ఎత్తు. రిపోర్ట్ చేస్తే మైనస్ 369 అన్నది నిజమే గానీ, నచ్చని ట్వీట్‌ను రిపోర్ట్ చేసేవాళ్ల కన్నా కింద నాలుగు మాటలు అనేవాళ్లే ఎప్పుడూ ఎక్కువ. ఇద్దరు హీరోల అభిమానుల మధ్య గొడవ మొదలైతే సాయంత్రానికల్లా ఊరంతటి ఫీడ్‌లోకి ఎలా ఎక్కుతుందో ఈ అంకెలే చెబుతున్నాయి. ఆ తూకాలు తర్వాత మారాయి, తూచే పద్ధతి మారలేదు.

ఫేస్‌బుక్‌ది ఇంకా పాత కథ. 2017లో లైక్ కన్నా ఎమోజీ రియాక్షన్‌కు అయిదు రెట్లు విలువ ఇచ్చారు, కోపం బొమ్మతో సహా. కోపం ఎక్కువగా వచ్చే పోస్టుల్లో తప్పుడు సమాచారం పాలు కూడా ఎక్కువని సంస్థలోని పరిశోధకులే తేల్చారు. కోపం బరువును సున్నాకు దించింది 2020లో. 2021లో ఆ సంస్థ మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన పత్రాల వల్ల ఈ సంగతి లోకానికి తెలిసింది.

వేలంపాట ఎవరి మీద

ప్రతి ప్రకటన ఖాళీ వెనకా ఒక వేలం ఉంటుంది. ఎక్కువ డబ్బు పెట్టినవాడిదే గెలుపనుకుంటే పొరపాటు. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తన వేలం సూత్రాన్ని బాహాటంగానే చెబుతుంది: పెట్టిన ధరను, ఈ మనిషి ఆశించిన పని చేసే అంచనాతో గుణించి, యాడ్ నాణ్యత మార్కు కలుపుతారు. ఒక రియల్ ఎస్టేట్ సంస్థ క్లిక్‌కు 50 రూపాయలు ఇస్తానంది, ఈ చూపరి నొక్కే అవకాశం 2 శాతం: విలువ 1 రూపాయి. ఒక చీరల దుకాణం 20 రూపాయలే ఇస్తానంది, నొక్కే అవకాశం 6 శాతం: విలువ 1.20. నాణ్యత మార్కులు సమానమైతే చీరలదే గెలుపు. తక్కువ ధరకు గెలవాలంటే గురి బాగుండాలి, గురి బాగుండాలంటే ఆ మనిషి గురించి ఎక్కువ తెలియాలి. సమాచార సేకరణ ఆకలికి మూలం ఈ సూత్రంలోనే ఉంది.

‘నిన్న ఇంట్లో ఫ్రిజ్ గురించి మాట్లాడుకున్నాం, ఇవాళ ఫ్రిజ్ యాడ్ వచ్చింది, ఫోన్ వింటోంది’ అనేది ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట. వినాల్సిన అవసరం లేకుండానే పని జరిగే దారులు బోలెడు. బట్టల మాల్‌లో బిల్లు కౌంటర్ దగ్గర అడిగే మొబైల్ నంబరు వాటిలో ఒకటి. దుకాణం ఆ నంబర్ల జాబితాను సంకేత రూపంలోకి మార్చి మెటాకో గూగుల్‌కో ఎక్కిస్తే, అవి తమ ఖాతాదారుల నంబర్లతో సరిపోల్చి ఆ మనుషులకే యాడ్ చూపిస్తాయి. ‘వీళ్లలాంటివాళ్లు ఇంకొందరిని వెతకండి’ అన్నా వెతికి పెడతాయి. ఇంట్లో ఇంకొకరు ఫ్రిజ్ ధరలు చూసి ఉంటారు. ఆ షాపింగ్ సైట్‌లోని ట్రాకింగ్ కోడ్ ఆ సంగతి చేరవేసి ఉంటుంది. వాడేది అదే వైఫై, ఉండేది అదే ఇల్లు. మాట్లాడుకోకముందు వచ్చిన ఫ్రిజ్ యాడ్లు గుర్తుండవు, తర్వాత వచ్చినది గుర్తుంటుంది.

వార్తా వెబ్‌సైట్ల సంగతి మరో రకం. గూగుల్ ప్రకటన సేవలు తెలుగు పేజీలను అధికారికంగా అంగీకరించింది 2018లో. పేజీ తెరుచుకునేటప్పుడు ఆ పేజీ చిరునామా, ఫోన్ రకం, సుమారు ప్రాంతం, ఒక గుర్తింపు సంఖ్య కలిపి కొనుగోలుదారులకు వెళతాయి. సుమారు 100 మిల్లీసెకన్లలో బిడ్లు రావాలి. ఏ సైజు యాడ్ గెలుస్తుందో ముందు తెలియదు కాబట్టి, ఆలస్యంగా వచ్చిన యాడ్ చదువుతున్న వాక్యాన్ని కిందికి నెడుతుంది, వేలు పోయి యాడ్ మీద పడుతుంది. ఇది చేయిదాటిన సమస్యేమీ కాదు. యాడ్ చోటుకు ముందే ఎత్తు కేటాయిస్తే పేజీ కదలదు. ఈ కదలికను గూగుల్ కొలిచి మార్కు వేస్తుంది కూడా, ఆ మార్కు 0.1 లోపు ఉంటే మంచి పేజీ అంటుంది. చాలా సైట్లు పట్టించుకోవు. పొరపాటున పడిన వేలు కూడా క్లిక్కే కదా.

చూపరి ధర అందరిదీ ఒకటి కాదు. 2023 ఆఖరి మూడు నెలల్లో ఫేస్‌బుక్‌కు అమెరికా, కెనడాల్లో ఒక్కో వినియోగదారు మీద వచ్చిన సగటు ఆదాయం 68.44 డాలర్లు. ఆసియా-పసిఫిక్‌లో 5.52. యూట్యూబ్ యాడ్ ధరలూ చూసేవారు ఉన్న చోటును బట్టే ఉంటాయి. డాలస్‌లో చూసిన తెలుగు వంట వీడియో, ధర్మవరంలో చూసినదానికన్నా చానెల్‌కు ఎక్కువ తెచ్చిపెడుతుంది. వీసాలు, అమెరికా ఇళ్ల ధరలు, అక్కడి కిరాణా షాపింగ్ గురించి తెలుగులో ఇన్ని చానెళ్లు పుట్టడంలో ఈ తేడాకు వాటా ఉంది.

గురి పెట్టే యంత్రం మంచి సరుకునీ దొంగ సరుకునీ ఒకే శ్రద్ధతో అమ్ముతుంది. మెటా అంతర్గత పత్రాలను చూసి రాయిటర్స్ 2025 నవంబరులో రాసిన కథనం ప్రకారం, 2024 ఆదాయంలో సుమారు 10 శాతం మోసాలు, నిషిద్ధ వస్తువుల ప్రకటనల నుంచే వస్తుందని సంస్థ లోపల అంచనా వేసుకుంది. ప్రకటనదారు మోసగాడని 95 శాతం నమ్మకం కుదిరితేనే నిషేధం, అంతకన్నా తక్కువైతే ఎక్కువ ధర వసూలు. ఆ 10 శాతం ఉజ్జాయింపు లెక్క మాత్రమేనని, అవసరానికి మించి కలిపేసుకున్నదని మెటా అంది. ఒకసారి ఇలాంటి యాడ్ నొక్కినవారికి అలాంటివే మరిన్ని కనిపిస్తాయన్నది మాత్రం పైన చెప్పిన సూత్రాన్నిబట్టే అర్థమవుతుంది. షేర్ మార్కెట్ టిప్స్ గ్రూపు యాడ్‌ను కుతూహలంతో నొక్కిన రిటైర్డ్ ఉద్యోగి ఫీడ్ వారం తిరిగేసరికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కృత్రిమ మేధ తెచ్చిన కొత్త రద్దీ

పోటీ ఇదివరకు మనుషుల మధ్య ఉండేది. ఇప్పుడు స్క్రిప్టు, గొంతు, బొమ్మలు అన్నీ యంత్రమే చేసిపెడుతుంటే ఒకే మనిషి రోజుకు డజన్లకొద్దీ వీడియోలు ఎక్కించగలడు. సిఫార్సు యంత్రానికి ఇది లాటరీ టికెట్ల కట్ట లాంటిది కాబట్టి, టికెట్లు ఎక్కువ కొన్నవాడికి అవకాశం ఎక్కువ. నిజమనిపించేలా మార్చిన దృశ్యాలను ఆ సంగతి చెప్పి ఎక్కించాలన్న నియమాన్ని యూట్యూబ్ 2024లో పెట్టింది. మూసలో పోసినట్టు గుట్టలుగా తయారయ్యే వీడియోలకు ఆదాయం ఉండదన్న నిబంధనను 2025 జులైలో మళ్లీ స్పష్టం చేసింది. ఇలాంటివి చేసే ఉత్సాహానికి మూలం ఎక్కడుందో చెప్పడానికి నటి రష్మిక మందన్న డీప్‌ఫేక్ (ఏఐతో ముఖం మార్చిన నకిలీ వీడియో) కేసు చాలు. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక యువకుడిని అరెస్టు చేసిన ఢిల్లీ పోలీసులు, తాను నడిపే ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే అతను ఆ వీడియో చేశాడని చెప్పారు.

రాసేవాళ్లకు ఇంకో దెబ్బ సెర్చ్ వైపు నుంచి తగిలింది. ఫలితాల పైన గూగుల్ ఇచ్చే ఏఐ సారాంశం ఇండియాలో 2024 ఆగస్టులో మొదలైంది. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సారాంశం కనిపించిన సెర్చ్‌లలో 8 శాతం సార్లే జనం ఏదైనా ఫలితం లింకు నొక్కారు. కనిపించనప్పుడు 15 శాతం. క్లిక్ రాకపోతే యాడ్ లేదు, యాడ్ లేకపోతే రాసిన మనిషికి జీతం లేదు.

మీటలు పనిచేస్తాయా

కొంతవరకు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా 2022లో 22 వేలమందికి పైగా స్వచ్ఛందంగా ఇచ్చిన బ్రౌజర్ సమాచారంతో యూట్యూబ్ మీటలను పరీక్షించింది. ‘ఛానెల్‌ను సిఫార్సు చేయవద్దు’ అన్నది అవాంఛిత సిఫార్సుల్లో 43 శాతాన్ని ఆపింది. హిస్టరీలోంచి తొలగిస్తే 29 శాతం. డిస్‌లైక్ 12, ‘ఆసక్తి లేదు’ 11. అందరూ ముందుగా నొక్కేది ఆ చివరి రెండూ. ఒక విషయం వదిలించుకోవాలంటే హిస్టరీలో ఆ మాటతో వెతికి, ఆ వీడియోలను ఒక్కొక్కటిగా తీసేసి, వాటిలో పదేపదే కనిపించే చానెళ్లను వద్దనడం ఎక్కువ ఫలితమిస్తుంది. హిస్టరీని 3, 18 లేదా 36 నెలలకు దానంతటదే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు. మొత్తం చెరిపి, నమోదు కూడా ఆపేస్తే 2023 ఆగస్టు నుంచి హోమ్ పేజీ ఖాళీగా వస్తోంది. వెతుక్కుని చూసే అలవాటు ఉన్నవాళ్లకు అంతకన్నా హాయి లేదు.

ప్రకటనలకైతే గూగుల్ ఖాతాలోని ‘మై యాడ్ సెంటర్’లో జూదం, మద్యం, డేటింగ్, బరువు తగ్గడం, గర్భం-పిల్లల పెంపకం వంటి వర్గాలను తగ్గించమనవచ్చు. గర్భం పోయిన ఇంట్లో పసిపిల్లల ఉయ్యాల యాడ్లు వస్తూనే ఉండటం ఎంత బాధో అనుభవించినవాళ్లకు ఆ మీట విలువ తెలుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్, గూగుల్, యాడ్స్ వరుసలో వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీని తొలగిస్తే యాప్‌లకు ఆ గుర్తింపు సంఖ్య దొరకదు. యాడ్ల సంఖ్య తగ్గదు, గురి తగ్గుతుంది. ఫేస్‌బుక్‌లో ‘ఫీడ్స్’ అనే విభాగంలోకి వెళితే మిత్రుల పోస్టులు సమయం వరుసలో వస్తాయి, యాప్ మళ్లీ తెరవగానే పాత పద్ధతికే పోతుంది. ఐరోపా సమాఖ్య చట్టం పెద్ద వేదికలన్నీ వ్యక్తిగత సమాచారం వాడని ఫీడ్ ఒకటైనా ఇచ్చితీరాలంటుంది. మనకు అలాంటి నిబంధన లేదు.

మనకున్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. 18 ఏళ్లలోపు వారిని వెంబడించి ప్రకటనలు గురిపెట్టడం ఆ చట్టం ప్రకారం నిషిద్ధం. మన ఇళ్లలో ఒకే ఫోన్‌లో పొద్దున తాతగారు ప్రవచనం వింటారు, మధ్యాహ్నం అమ్మ సీరియల్ చూస్తుంది, సాయంత్రం రెండో తరగతి పిల్లవాడు కార్టూన్లు పెట్టుకుంటాడు. ఖాతా మాత్రం నాన్న పేరు మీద ఉంటుంది. తెర ముందున్నది పిల్లవాడని కనిపెట్టాలంటే వేదికకు ఉన్న దారుల్లో ఒకటి, ఏం చూస్తున్నాడో గమనించి వయసు అంచనా వేయడం. యూట్యూబ్ 2025 ఆగస్టులో అమెరికాలో ఆ పద్ధతిని ప్రయోగించి చూడటం మొదలుపెట్టింది.